సూది ఎందుకు కదిలింది? – జగదీశ్ చంద్ర బోస్ జీవితం

నాన్నకు బదిలీ అయితే మనకు బడి మారుతుంది. ఈ సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సుమారు నూట అరవై ఏళ్ల కిందట బెంగాల్‌లో కూడా తండ్రి ఉద్యోగం వెంట ఊళ్లు మారిన కుర్రవాడు ఒకడు ఉండేవాడు. పేరు జగదీశ్ చంద్ర బోస్. పుట్టింది 1858 నవంబరు 30న, మైమన్‌సింగ్‌లో. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వోద్యోగి. ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేశారు, తర్వాత బర్ద్వాన్, ఆ తర్వాత కట్వా.

ఫరీద్‌పూర్‌లో జగదీశ్‌ను బడికి తీసుకువెళ్లే మనిషి ఒకప్పటి బందిపోటు. భగవాన్ చంద్రే అతనికి శిక్ష వేసి జైలుకు పంపారు. విడుదలై వచ్చి, బతుకుతెరువు లేదంటే ఇంట్లోనే పనికి పెట్టుకున్నారు. నాలుగేళ్ల పిల్లవాడు ఆ బందిపోటు భుజమెక్కి, పాత దోపిడీల కథలు వింటూ బడికి వెళ్లేవాడు. ఆ బడి కూడా ఇంగ్లీషు బడి కాదు. పెద్ద ఉద్యోగుల పిల్లలంతా ఇంగ్లీషు బడికి పోతుంటే, ముందు సొంత భాష రావాలని తండ్రి బెంగాలీ పాఠశాలలో వేశారు. అక్కడ ఒక పక్కన ఇంటి ముస్లిం బంట్రోతు కొడుకు, మరో పక్కన జాలరి కొడుకు కూర్చునేవారు. నీళ్లలో ఉండే జీవుల కబుర్లు జగదీశ్ మొదట విన్నది ఆ జాలరి పిల్లవాడి దగ్గరే.

బర్ద్వాన్‌లో జ్వరాలు ప్రబలి ఎందరో పిల్లలు అనాథలయ్యారు. భగవాన్ చంద్ర తన ఇంటి ఆవరణలోనే వడ్రంగం, లోహపు పని నేర్పే కార్ఖానా పెట్టించారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు జగదీశ్ అక్కడే తిరిగేవాడు. ఉలి పట్టడం, లోహాన్ని మలచడం అక్కడ అలవాటైంది. తర్వాత ఆయన చేసిన పరికరాల గురించి చదివేటప్పుడు నాకు కేంబ్రిడ్జ్ కంటే ఈ కార్ఖానాయే ముందు గుర్తొస్తుంది.

1869లో కలకత్తా హేర్ స్కూలు, తర్వాత సెయింట్ జేవియర్స్ స్కూలు, అదే పేరుగల కళాశాల. అక్కడ ఫాదర్ లాఫోన్ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ప్రయోగాలు చేసి చూపించి పాఠం చెప్పేవారు. ఆ పాఠాలతో జగదీశ్ మనసు భౌతికశాస్త్రం మీద పడింది. అయినా 1880లో ఇంగ్లండ్ వెళ్లింది వైద్యం చదవడానికి. బయలుదేరేముందే పట్టుకున్న జ్వరం అక్కడా వదలలేదు. శవాలను కోసే గదిలోని వాసనకు అది ఇంకా ముదిరింది. వైద్యం మానేసి కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీలో ప్రకృతిశాస్త్రాలు చదివారు. అక్కడి గురువు లార్డ్ రేలీ. ఏ కొలతనైనా తప్పు ఎక్కడినుంచి రావచ్చో వెతికి వెతికి చేసే మనిషిగా ఆయనకు పేరు.

1885లో తిరిగివచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో భారతీయ ప్రొఫెసరుకు తెల్లవారి జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం. ఆయన పాఠాలు చెప్పారు గాని జీతం ముట్టుకోలేదు. మూడేళ్లు అలాగే గడిచాయి. ఇంట్లో అప్పులున్న కాలం అది. చివరికి ప్రభుత్వం దిగివచ్చి మొదటి రోజునుంచి లెక్కకట్టి పూర్తి జీతం ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులకు పోయింది.

కాలేజీలో ఆయనకు పరిశోధనశాల అంటూ ఏమీ లేదు. దొరికింది ఒక ఇరుకు గది. సహాయానికి రేకుల పని చేసుకునే ఒక మనిషి. ఆయనకు సైన్సు చదువు లేదు. 1894లో ముప్పై ఆరో పుట్టినరోజున ఇకమీదట పరిశోధనకే జీవితం అని బోస్ నిశ్చయించుకున్నారు. ఎత్తుకున్న పని విద్యుత్ తరంగాలు, అంటే నేటి రేడియో తరంగాలు.

అంతకు కొన్నేళ్ల ముందే జర్మనీలో హెర్ట్జ్ ఈ తరంగాలు ఉన్నాయని నిరూపించారు. కానీ ఆయన తరంగాలు చాలా పొడవైనవి. అవి వెలుగులాగే వంగుతాయా, పరావర్తనం చెందుతాయా అని చూడాలంటే వస్తువులూ అంత పెద్దవే కావాలి. హెర్ట్జ్ వాడిన తారు పట్టకం బరువు కొన్ని వందల కిలోలు! బోస్ గదిలో అది పట్టదు. అందుకని ఆయన తరంగాన్నే చిన్నది చేశారు. చిన్న ప్లాటినం గోళీల మధ్య నిప్పురవ్వ పుట్టించి, 5 మిల్లీమీటర్లనుంచి 25 మిల్లీమీటర్ల వరకు పొడవుండే తరంగాలు రప్పించారు. ప్రపంచంలో అప్పటికి అంత చిన్న తరంగాలతో పనిచేసినవారు చాలా తక్కువ. పరికరం మొత్తం ఒక బల్లమీద సరిపోయింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది.

తరంగం వచ్చిందని తెలుసుకునేందుకు ఆ రోజుల్లో కోహెరర్ అనే పరికరం వాడేవారు. లోహపు ముక్కలు ఒకదానికొకటి ఆనీఆననట్టు ఉంటాయి. మామూలుగా కరెంటు వాటిలోంచి సరిగా పారదు. తరంగం తగిలితే చటుక్కున దారి తెరుచుకుంటుంది, కరెంటు పెరుగుతుంది, గాల్వనోమీటరు సూది కదులుతుంది. సూదికి అతికించిన చిన్న అద్దంమీద పడ్డ వెలుగు ఎదుటి స్కేలుమీద చుక్కలా జరుగుతుంది. బోస్ రంపపుపొడి లాంటి లోహపు రజను బదులు సన్నని ఉక్కు స్ప్రింగులు వరుసగా పేర్చారు. ఒక మరతో వాటిని ఎంత నొక్కాలో అంతే నొక్కవచ్చు. బెంగాల్ తేమకు ఉక్కు తుప్పు పట్టిపోతుంటే పైన కోబాల్ట్ పూత పూశారు.

పరికరం ఎంత సున్నితమైతే అంత మంచిదని మనం అనుకుంటాం. కానీ సున్నితమైన చెవికి పిలుపూ వినిపిస్తుంది, పక్కింటి గొడవా వినిపిస్తుంది. బోస్ కోహెరర్ కూడా అంతే. పట్టకంలోంచి వంగి వచ్చిన తరంగానికి సూది కదిలింది, బాగుంది. కానీ పట్టకానికి తగలకుండా పక్కనుంచి జారి, గోడకు కొట్టుకుని వచ్చిన తరంగానికీ అదే సూది అదే విధంగా కదులుతుంది. తరంగాన్ని పుట్టించే ఇండక్షన్ కాయిల్‌లో కరెంటు వేసినా ఆపినా దాని అయస్కాంత ప్రభావం గదంతా వ్యాపిస్తుంది, దానికీ సూది కదులుతుంది. కోహెరర్‌నుంచి గాల్వనోమీటరుకు పోయే తీగలు తమంతట తామే గాలిలోని తరంగాలను పట్టి లోపలికి చేరవేస్తాయి. ఇన్ని కారణాలకు కదిలే సూదిని చూసి, పట్టకం తరంగాన్ని వంచిందని ఎలా చెప్పడం? ఇలా మనం అడగనిది వచ్చి కలవడాన్నే ఇంజనీర్లు ఇప్పుడు నాయిస్ అంటారు. మనం రొద అందాం.

బోస్ ఆ రొదను ఒక్కొక్క దారిలో మూసుకుంటూ వచ్చారు. ముందు పుట్టేచోట. మామూలు కాయిల్‌లో టకటకమని కొట్టుకుంటూ వరసగా రవ్వలు పుట్టించే మీట ఉంటుంది. దాన్ని తీసేశారు. మీట ఒకసారి నొక్కితే ఒకే రవ్వ, ఒకే తరంగపు గుంపు. దాంతో సూది ఎప్పుడు కదలాలో ముందే తెలుస్తుంది. తర్వాత కాయిల్‌నూ బ్యాటరీనీ కలిపి పెట్టెలో పెట్టారు. ఒకటి కాదు, పెట్టెలో పెట్టె. లోపలిది మెత్తని ఇనుము, బయటిది మందపాటి రాగి. రెండూ ఎందుకంటే, ఒక్కొక్కటి ఒక్కొక్క దొంగను ఆపుతుంది. కాయిల్ నుంచి వచ్చే నెమ్మదైన అయస్కాంత ప్రభావాన్ని రాగి పెద్దగా అడ్డుకోలేదు. ఇనుమైతే ఆ బలరేఖలను తన గోడల్లోకే లాక్కుని అక్కడే తిప్పుతుంది. వేగంగా ఊగే విద్యుత్ తరంగాల సంగతి వేరు. అవి రాగిని తాకగానే దాని ఉపరితలంలో కరెంటు పుట్టి వాటిని వెనక్కి నెడుతుంది. రాగికి సందు లేకుండా అతుకులు పడితే చాలు. తరంగం బయటికి రావడానికి ఒక్క గొట్టం మాత్రం వదిలారు. ఆ పెట్టె ఎత్తు 7 అంగుళాలు, పొడవు 6, వెడల్పు 4. మన టిఫిన్ క్యారియర్ అంత!

ఇక వినే వైపు. కోహెరర్ తీగలకు లోహపు తొడుగు వేశారు. గాల్వనోమీటరునూ దాని బ్యాటరీనీ మరో లోహపు పెట్టెలో పెట్టారు. కానీ వెలుగు చుక్క కనపడాలి కదా! అందుకని సన్నని చీలిక ఒక్కటి వదిలారు. వెలుగు దానిలోంచి పోయివస్తుంది. రేకుల పనివాడి చేతివిలువ ఇక్కడే తెలుస్తుంది. ఒక్క అతుకు సరిగా పడకపోతే ప్రయోగమంతా వృథా.

లోహపు గది లోపలికి బయటి విద్యుత్తు రాదని 1836లోనే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫారడే చూపించారు. 12 అడుగుల చదరపు పెట్టె కట్టించి, తాను లోపల కూర్చుని, బయట విద్యుత్తు మెరిపించారు. బోస్ చేసినది ఆ ఆలోచనను అరచేతిలో పట్టే ప్రయోగంలోకి తేవడం.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోవద్దు. స్కూలు వార్షికోత్సవంలో మైకులోంచి హుమ్మని మోత వస్తుంది చూడండి, అది ఇదే రొద. గోడల్లో పారే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, మైకు తీగ దాన్ని పట్టేస్తుంది. మైకు తీగను కోసి చూస్తే లోపలి సన్నని తీగల చుట్టూ రాగి జాలీ అల్లి ఉంటుంది. అది బోస్ రాగిపెట్టెకు చుట్టమే. ఆ జాలీని ఎర్తుకు కలుపుతారు, పట్టిన రొద అటు పోవాలని. కానీ ఇందులో ఇంకో మెలిక ఉంది. యాంప్లిఫయరును వేదికమీది ప్లగ్గులో పెట్టి, మిక్సరును హాలు చివరి ప్లగ్గులో పెడితే రెండు ఎర్తులవుతాయి. రెండింటి వోల్టేజీ సరిగ్గా ఒకటిగా ఉండదు. ఆ కొద్దిపాటి తేడాతో జాలీలోనే కరెంటు పారి మోత ఇంకా పెరుగుతుంది. అన్నిటినీ ఒకే బోర్డుకు పెడితే చాలాసార్లు మోత ఆగిపోతుంది. కొందరు మోత పోవాలని ఎర్తు పిన్నునే విరిచేస్తారు. అది మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఆ పిన్ను ఉన్నది మనకు షాక్ కొట్టకుండా.

రొద తగ్గాక బోస్ ప్రయోగాలు చకచకా సాగాయి. 1895 మేలో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీకి మొదటి పత్రం ఇచ్చారు. కొన్ని స్ఫటికాలు ఈ తరంగాలను ధ్రువణం చేస్తాయని, అంటే ఒకే దిశలో ఊగేవాటిని వేరుచేస్తాయని అందులో చూపారు. స్ఫటికాలే కాదు, మెలిపెట్టిన జనపనార కూడా తరంగాన్ని తిప్పుతుందని కనుక్కున్నారు. అన్నిటికంటే నాకు నచ్చినది రైల్వే టైంటేబుల్. బ్రాడ్‌షా అనే లావుపాటి పుస్తకాన్ని అడ్డుపెట్టి, పుటలు ఉన్న దిశనుబట్టి తరంగం ఆగడం, దాటడం చూపించారు. పుటల మధ్య తగరపు రేకులు పెడితే ఇంకా బాగా పనిచేసింది. సూదిని నమ్మగలిగారు కాబట్టే రైల్వే పుస్తకంతో కూడా సైన్సు చేయగలిగారు.

అదే ఏడు కలకత్తా టౌన్‌హాల్లో లెఫ్టినెంట్ గవర్నరు ఎదుట, గోడల అవతలనుంచి తీగ లేకుండా తరంగం పంపి గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. దారితప్పిన రవ్వకే మందు పేలిపోతే సభ నవ్వులపాలయ్యేది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, ఫారడే తన పెట్టె చూపించిన చోటే, బోస్ తన చిన్న పెట్టెతో ఉపన్యాసం ఇచ్చారు. తర్వాత గలీనా అనే సీసపు ఖనిజంతో చేసిన గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. అదీ స్నేహితుల ఒత్తిడిమీద తీసుకున్నదే. డబ్బు చేసుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

1899 ప్రాంతంలో ఒక వింత గమనించారు. ఎక్కువసేపు వాడితే కోహెరర్ అలిసిపోతోంది. కాసేపు వదిలేస్తే మళ్లీ తేరుకుంటోంది. దాని గీత, అలిసిన కండరం గీసే గీతలాగే ఉంది. మరొకరైతే పరికరం చెడిందని మార్చేసేవారు. బోస్ అక్కడ ఆగి, లోహం, మొక్క, జంతువు మూడూ దెబ్బకు ఒకేలా స్పందిస్తాయా అని వెతకడం మొదలుపెట్టారు. ఆయన జీవితం అక్కడ మలుపు తిరిగింది.

1901లో లండన్‌లో, మామూలు మొక్కల్లో కూడా తాకితే విద్యుత్ స్పందన పుడుతుందని చెప్పారు. ఆ రంగంలో పెద్దవాడైన బర్డన్ శాండర్సన్ ఒప్పుకోలేదు. రాయల్ సొసైటీ ఆ పత్రాన్ని అచ్చువేయకుండా పక్కన పెట్టింది. భౌతికశాస్త్రంలో సంపాదించిన పేరంతా పోయేలా ఉంది. సూది కదిలిన మాట నిజమే, కానీ మొక్క వల్లే కదిలిందా? ఆకు కాడను కదిపితే దానికి తగిలించిన తీగ కొద్దిగా జరిగినా సూది ఊగుతుంది కదా! ఇది న్యాయమైన అనుమానమే.

బోస్ దానికి ముందే జాగ్రత్తపడ్డారు. తీగను కాడకు నేరుగా తగిలించకుండా, ఉప్పునీటిలో తడిపిన బట్టపేలికల ద్వారా కలిపారు. కాడను మధ్యలో బిగించి, ఒక సగాన్ని మెలిపెట్టినా రెండో సగం కదలకుండా చేశారు. అన్నిటికంటే గట్టి పరీక్ష వేడినీళ్లు. ఒక సగంమీద మరిగే నీళ్లు పోసి చంపేసి, అదే తీగలతో, అంతే బలంగా మళ్లీ మెలిపెట్టారు. బతికున్న సగం స్పందించింది, చచ్చిన సగం స్పందించలేదు. తీగల ఊపే కారణమైతే చచ్చినదానికీ సూది కదలాలి. 1902లో ఈ పనినంతా పుస్తకంగా వేశారు.

మొక్కల గురించి ఆయన చెప్పినవన్నీ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. లోహాలకూ ప్రాణులకూ పోలిక చెప్పేటప్పుడు ఆయన హద్దు దాటారని నాకూ అనిపిస్తుంది. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు పారతాయన్న మాట మాత్రం నిలబడింది.

మొక్క పెరుగుదలను చూపించే క్రెస్కోగ్రాఫ్ కూడా ఆయన చేసినదే. మొదటిది రెండు మీటలతో 10,000 రెట్లు పెంచి చూపేది. తర్వాత అయస్కాంతంతో చేసినది కోటి రెట్ల వరకు. అంత పెద్దది చేస్తే రొద కూడా అంత పెద్దదవుతుంది. వీధిలో బండి పోయినా, గదిలో వేడి మారినా చుక్క జరుగుతుంది. 1920లో లండన్‌లో అగస్టస్ వాలర్ అనే శరీరశాస్త్రవేత్త బహిరంగంగా అనుమానం లేవనెత్తారు, అది కదిలేది పెరుగుదల వల్లేనా అని. వాలర్ సామాన్యుడు కాడు. మనిషి గుండె విద్యుత్తును మొదట 1887లో రికార్డు చేసినది ఆయనే. జిమ్మీ అనే తన బుల్‌డాగ్‌ను ఉప్పునీళ్ల జాడీల్లో కాళ్లు పెట్టించి నిలబెట్టి దాని గుండె సంకేతాన్ని చూపించేవారు. చిన్న సంకేతాల్లో ఎంత మోసం ఉంటుందో తెలిసిన మనిషి అడిగిన ప్రశ్న అది.

బోస్ కోప్పడి ఊరుకోలేదు, పరీక్షకు ఒప్పుకున్నారు. ఏప్రిల్‌లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో కొందరు పేరున్న శాస్త్రజ్ఞుల ఎదుట పరికరం పెట్టారు. వాళ్లు చూసి, ఇది మొక్క పెరుగుదలను సరిగానే చూపుతోందని పత్రికకు ఉత్తరం రాశారు. అదే ఏడు ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. పంతొమ్మిదేళ్ల కిందట పత్రాన్ని పక్కన పెట్టిన సొసైటీయే అది.

అప్పటికి ఆయన కాలేజీ ఉద్యోగంనుంచి విరమించి, 1917 నవంబరు 30న, తన పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. సొంత భాషమీద తండ్రి పెట్టిన మక్కువ కూడా వదలలేదు. బెంగాలీలో రాసిన వ్యాసాలు 1921లో అవ్యక్త అనే పుస్తకంగా వచ్చాయి. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. ఇంకో వారం ఉంటే డెబ్బై తొమ్మిది నిండేవి.

ఆయన పరికరాలు ఆ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా కోల్‌కతా బదిలీ అయితే, సామాన్లు సర్దుకున్నాక ఒక ఆదివారం వెళ్లి చూడండి.